పేరు రాయాల్సిన గడి

ఆగస్టు మూడో వారం.
సావిన్యా ఏటి పొడవునా హాప్ పందిళ్లు,
ఏడు మీటర్ల ఎత్తున తీగలు వేలాడే పచ్చటి వీధులు.
గెంట్ నుంచి వచ్చిన బీరు కాచే కుర్రాడు, లీవెన్,
మోకాలి మీద కాగితం పరుచుకుని కూచున్నాడు.
"మీ రకం లక్షణాలు చెప్పండి."
జాల్కా చేతులు తుడుచుకుంది.
తుడిస్తే పోయే బంక కాదది.

"చేదా? తక్కువే.
ఎండ మంచిగా కాసిన ఏడు వందకు నాలుగు పాళ్లు.
నాలుక మీద మేకు దిగేసే రకాలు కావాలంటే
కొండ అవతల దొరుకుతాయి, వెళ్లు.
ఇది చప్పుడు కాకుండా తలుపు దగ్గరకేసి పోయే మనిషి.
పోయాక తెలుస్తుంది,
ఇందాకటిదాకా గదిలో ఎవరో ఉన్నారని."

వాసన గురించి అడిగితే మాట్లాడలేదు.
పువ్వనాలో కాయనాలో తెలియని దాన్నొకటి తుంచి
అరచేతుల మధ్య నలిపి
అతని ముక్కు కింద పెట్టింది.
పొలుసుల మొదట్లో పసుప్పచ్చటి పొడి.
"మట్టి," అన్నాడు.
కాసేపాగి, "మిరియం."
ఇంకాసేపాగి, కళ్లు మూసుకుని,
"మా తాత కోటు జేబు."
"అదీ! అది రాసుకో."
గడి చిన్నది. 'స్వల్పంగా ఘాటు' అని రాసుకున్నాడు.

దిగుబడి మాటెత్తగానే నవ్వింది.
"బ్యాంకువాడూ ఇదే అడుగుతాడు.
పక్క పొలం ఓజ్‌బోల్ట్ పాత వేళ్లన్నీ పెకలించి
కొత్త రకం నాటాడు, నాకు రెట్టింపు కోస్తాడు.
పండక్కి మాత్రం నా బీరే తాగుతాడు.

ఇంకోటి రాసుకో, నీ కాగితంలో లేదు గానీ.
దీనికి కుడిచెయ్యి వాటం.
గడియారం ముల్లు ఎటు తిరుగుతుందో అటే పాకుతుంది.
ఓ మే నెలలో కోస్టెల్ అని రొమేనియా కూలీ
కొత్తవాడు, పాపం,
వరసంతా ఎడమకు చుట్టి వెళ్లాడు.
పొద్దున చూస్తే
తీగలన్నీ దారం విప్పుకుని
నేలమీద పడున్నాయి, అలిగి.

మగమొక్క ఒక్కటి కనపడనివ్వం.
గింజ కడితే సరుకు పాడని పీకేస్తాం.
ఇక్కడున్నవన్నీ
పెళ్లి కాని అక్కచెల్లెళ్లే."

అతను మొదటి గడికి వెనక్కొచ్చాడు.
రకం పేరు.
"బోర్డు మీద గోల్డింగ్ అని ఉంది కదా?"

"ఉంది.
ఇంగ్లండు నుంచి వేళ్లు తెప్పించిన రోజున
అవి గోల్డింగ్ అనుకున్నారు.
బస్తాల మీద ఆ ముద్రే కొట్టారు.
చదువుకున్నవాళ్లు తీరిగ్గా చూసి
ఇది గోల్డింగ్ కాదు, ఫగుల్, అని తేల్చేసరికి
ముద్ర అరిగిపోయేంత అమ్ముకున్నాం.
ఇప్పుడు ఎవరు మార్చుకుంటారు, బస్తాలా, తీగలా?"

కాలితో ఓ మట్టిబెడ్డ చిదిపింది.

"మా అమ్మమ్మ పేరు నేజా.
యుద్ధంలో జర్మన్లు నాలుగేళ్లు ఆమెను ఆగ్నెస్ చేశారు.
రేషన్ కార్డు మీద ఆగ్నెస్.
దుకాణంలో ఆగ్నెస్ అని కేకేస్తే
రొట్టె కోసం చెయ్యి చాచేదట,
తల మాత్రం తిప్పేది కాదట."

ఎండబెట్టే కొట్టంలో గంట మోగింది.
రెండో అంతస్తు తిరగెయ్యాలి, లేకపోతే మాడుతుంది.
లేస్తూ లేస్తూ అతని కాగితం మీద చెయ్యి ఆనించింది.
పసుపూ పచ్చా కలిసిన మరక, వేలిగీతలతో సహా,
పేరు గడిని తప్పించుకుని
చేదు అన్నచోట పడింది,
నాలుగు అంకె సగం కనపడకుండా.

సాయంత్రం సెల్యే స్టేషన్లో
లీవెన్ రొట్టె కొనుక్కున్నాడు.
మొదటి ముక్క చేదు.
రొట్టెను తిప్పి చూశాడు, వేళ్లు చూసుకున్నాడు.
కుళాయి ఎదురుగానే ఉంది.
రైలు రావడానికి పదకొండు నిమిషాలుంది.
కడుక్కోకుండానే
రెండో ముక్క తుంచాడు.